తడి మడత

వాన పట్టకముందే చేయాల్సిన పనులు ఇన్ని ఉన్నాయి. బండి రెండు రెక్కలూ బయటికి లాగి నిలబెట్టాలి. గుడ్డ మీది దుమ్మును పొడి బ్రష్షుతో దులపాలి. ఆ తర్వాత సబ్బు తగలకుండా ఉత్త నీళ్ళతో కడగాలి. బయటి వైపు ఒక ఎండ, లోపలి వైపు ఒక ఎండ ఆరబెట్టాలి. కుట్ల వెంబడి సూది పొడిచిన ప్రతి బెజ్జమూ పూడేటట్టు తేనెమైనం రుద్దాలి. గుడ్డంతా మైనం పూత పూయాలి. పరుపులెత్తి కింది చెక్కకు గాలి తగలనివ్వాలి. మూలల్లో సున్నపురాళ్ళ మూటలు పెట్టాలి, తేమ పీల్చేదానికి. అన్నిటికన్నా ముఖ్యం, తడి ఉండగా మడవకూడదు. గుడ్డను తడిగా మడిస్తే బూజుకు పిలిచి పీట వేసినట్టే.

ఈ పనులన్నీ రాజమ్మాళ్‌వి. తమిళనాడులో కోవిల్‌పట్టి బైపాసు పక్కన లారీల టార్పాలిన్లు కుట్టే గోవిందరాజ్ పట్టరైలో, అంటే కార్ఖానాలో, ఆమె చాలా కాలంగా కుట్టుపని చేస్తోంది. గోవిందరాజ్ రెండేళ్ళ కిందట బెంగుళూరులో ఎవరో వదిలించుకున్న క్యాంపర్ వ్యాను ఒకటి కొనుక్కొచ్చి, కుట్రాలం జలపాతాలకూ కొడైకానల్‌కూ పోయే కుటుంబాలకు బాడుగకు ఇస్తున్నాడు. బండికి ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి మంచాలు సొరుగుల్లా బయటికి వస్తాయి. వాటి మీద కమ్మీలు నిలబెడితే కాన్వాసు గుడ్డ గుడారంలా లేస్తుంది. పట్టరైలో వాటిని రెక్కలు అంటారు. బండి ఇనుముకు వచ్చిన నష్టమేమీ లేదు. దాని ప్రాణమంతా ఆ గుడ్డలోనే ఉంది.

"అక్కా, ఎడమ రెక్క చూస్తివా? నెలలు నిండినదాని మాదిరి వేలాడతా ఉండాది," అన్నాడు ఇసక్కి, బకెట్టు కింద పెడుతూ.

"నీ కండ్లు కమ్మీల మీద పెట్టు. నెలల లెక్క నీకేల?"

ఇసక్కి బండి డ్రైవరు. బండి కడిగేదీ అతనే, రాజమ్మాళ్‌కు గుడ్డ పట్టుకుని చెయ్యందించేదీ అతనే. నలభై దాటిన మనిషి. అతని మాట అరవమే అయినా, ఈ పట్టరైలో అందరూ ఇంటి తెలుగే మాట్లాడుకుంటారు కాబట్టి విని విని నేర్చుకున్నాడు. ఎవరిని 'మీరు' అనాలో మాత్రం అతనికి పట్టుబడలేదు. గోవిందరాజ్‌ను 'నువ్వు' అనేవాడు, పట్టరై కుక్కను 'మీరు అవతలికి పోండి' అనేవాడు. గోవిందరాజ్ చివరికి దండం పెట్టి, "నాతో అరవమే మాట్లాడు సామీ," అన్నాడు.

అతని ఎడమ చెవి కింది నుంచి భుజం దాకా చర్మం కాగిన పాల మీది మీగడలా ముడతలు పడి ఉంటుంది. శివకాశి దగ్గర తాయిల్పట్టిలో బాణసంచా షెడ్డు అంటుకున్నప్పటి గుర్తు అది. దాని గురించి అతను చెప్పడు, వీళ్ళు అడగరు. కానీ సాయంత్రాలు బాణసంచా ఫ్యాక్టరీ కూలీలను దింపే వ్యాను బైపాసు మీద ఆగితే ఇసక్కి ఏ పనిలో ఉన్నా లేచి షెడ్డు వెనక్కి పోవడం రాజమ్మాళ్ చూసింది. వ్యాను కదిలిన చప్పుడు వినిపించాకే వచ్చేవాడు. ఒకసారి మాత్రం దారం పేనుతూ అన్నాడు: "ఈ బండి ఉన్నన్నాళ్ళు నేను ఆ పక్కకు పోను అక్కా. ఇది లేకుంటే మా ఊర్లో ఇంకేం ఉండాది, అదొక్కటే ఉండాది."

ఎడమ రెక్క వేలాడుతున్న మాట నిజమే. బాడుగకు తీసుకున్నవాళ్ళంతా ఆ పక్కనే పడుకుని, గుడ్డకు వీపులు ఆనించి ఆనించి దాన్ని సాగదీశారు. వాన పడితే నీళ్ళు ఆ గుంటలో నిలుస్తాయి. గోవిందరాజ్ వచ్చి కింద నుంచి చేత్తో ఒకసారి పైకి పొడిచి చూసి, "రాజమ్మా, బేస్తవారం విరుదునగర్ పాండియరాజన్ బండి తీసుకుంటాడు. మిరపకాయల మండీ ఆయన. నచ్చితే సంవత్సరమంతా ఆయనకే అంటున్నాడు. దీన్ని ఏమన్నా చెయ్యి," అన్నాడు.

రాజమ్మాళ్ పుట్టిల్లు అరుప్పుకోట. ఇంట్లో మగ్గాలు. సాగిన దేనికైనా ఆ ఇంట్లో మందు ఒకటే. తెల్లారకముందే వీధి పొడుగునా పడుగు చాచి, పులిసిన గంజిని కుంచెతో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పట్టించేవాళ్ళు. ఎండ వచ్చేసరికి దారాలు వీణ తీగల్లా నిలబడేవి. మరునాడు ఆమె ఇంటి నుంచి తూక్కుచట్టి అనే పిడి గిన్నె నిండా పులిసిన గంజి తెచ్చింది. పాత బట్టలో వడగట్టి, గుడ్డను కమ్మీలకు బిగదీసి కట్టి, ఎడమ రెక్కకు లోపలి వైపు నుంచి పట్టించింది. చెయ్యి సాగినంత మేర ఒక విల్లు, దాని కింద ఇంకో విల్లు. ఎండలో అది ఆరి, వేలితో కొడితే డోలులా మోగింది. దాని మీద మైనం పూత పూసింది. కుడి రెక్క బాగానే ఉంది కాబట్టి దానికి ఉత్త పూతే.

గోవిందరాజ్ వచ్చి వేలితో కొట్టి చూశాడు. "ఏం చేస్తివి దీన్ని?"

"అరుప్పుకోట చెయ్యి గదన్నా," అంది రాజమ్మాళ్. అంతకంటే చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు. అన్నంలో ఉప్పు వేశానని ఎవరు చెబుతారు?

బుధవారం సాయంత్రం పురట్టాసి నెల వాన పట్టుకుంది. రెక్కలు రెండూ విప్పే ఉన్నాయి. నీళ్ళు పూత మీద నుంచి జారిపోతుంటే రాజమ్మాళ్ కింద నిలబడి చూసుకుంది. ఒక్క బొట్టు లోపలికి రాలేదు. కానీ గుడ్డ గుడ్డే, చర్మం కాదు. గాలిలోని చెమ్మ దానికి ఎక్కింది. తెల్లవారి తడిమి చూస్తే జ్వరం దిగిన మనిషి ఒళ్ళులా చల్లగా, మెత్తగా ఉంది. మబ్బు విడవలేదు.

"మధ్యాహ్నానికి ఎండ కాస్తాది. ఆరినాక మడిస్తాం," అంది.

గోవిందరాజ్ చేతిలో ఫోను పట్టుకుని వచ్చాడు. "మధ్యాహ్నం దాకా ఏంది? ఆయన మండీలో కాచుకొని ఉండాడు. మడవండి."

"మొదలాళీ, తడి ఉంది," అన్నాడు ఇసక్కి యజమానితో అరవంలో.

"బండి కదిలితే గాలికి ఆరుతుందిలే."

"మడిచిన గుడ్డకు గాలి ఎక్కడ మొదలాళీ?"

"నువ్వు డ్రైవరువా, వాతావరణ ఆఫీసరువా? మడువు."

ఇసక్కి రాజమ్మాళ్ వైపు చూశాడు. ఆమె సున్నపు మూటలు ఇంకో రెండు కట్టి అతని చేతికిచ్చింది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని, గాలి పోయేలా అరచేతులతో నొక్కుతూ ముందు కుడి రెక్క, తర్వాత ఎడమ రెక్క మడిచారు. ఎడమది బిరుసుగా, మొండిగా మడత పడింది. ఇసక్కి మడత మీద ముఖం పెట్టి ఒక క్షణం ఆగాడు. ఏదో అడగబోయినట్టు తల ఎత్తాడు. గోవిందరాజ్ కిటికీలోంచి చెయ్యి పెట్టి హారను కొట్టాడు. ఇసక్కి ఎక్కి బండి తీశాడు. బండిని విరుదునగర్‌లో అప్పజెప్పి బస్సులో తిరిగొచ్చాడు.

పాండియరాజన్ వెంటనే ప్రయాణం పెట్టుకోలేదు. బండి ఆయన గోడౌను ముంగిట్లో అలాగే మూసి ఉంది. బయట రోజూ చిరుజల్లు. మరుసటి వారం ఆయన ఇంటివాళ్ళు రెక్కలు విప్పారు. అప్పుడు ఫోను వచ్చింది.

గోవిందరాజ్ ఆ ఫోను మాట్లాడేటప్పుడు పట్టరైలో మిషన్లన్నీ ఆగాయి. ఆయన, "అయ్యయ్యో, అట్లానా, అట్లానా," అంటూ నిలబడే ఉన్నాడు. ఫోను పెట్టాక కాసేపు తన చెప్పులు చూసుకున్నాడు. తర్వాత, "ఇసక్కీ," అని పిలిచాడు.

"గుడ్డంతా నల్లబడిందంట. తలుపు తీస్తే కంపంట. తడిగా ఎవుడు మడవమన్నాడు నిన్ను?"

ఇసక్కి జాకీ కింద పెట్టాడు. చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "మీరే కదా మొదలాళీ."

"నేను అంటే మాత్రం? బండి నీ చేతిలో ఉంది, పోయేటప్పుడు దారిలో ఆపి, విప్పి ఆరబెట్టే జ్ఞానం ఉండొద్దూ? సంవత్సరం బాడుగ పోయింది. పట్టరై పేరు పోయింది." ఆయన గొంతు పెద్దది కాలేదు. అదే భయంగా ఉంది. "రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఇసక్కి రాజమ్మాళ్ వైపు చూడలేదు. చూసి ఉంటే ఆమె ఏమన్నా చెప్పి ఉండేదేమో. మడవమన్నది ఆయనే అని ఆమెకు తెలుసు. చెవులారా విన్నది. నోటి దాకా వచ్చింది. అప్పుడే దబ్బనంలోంచి దారం జారింది. ఆమె తల వంచి దారం కొస నోట్లో తడిపి, బెజ్జంలోకి ఎక్కించబోయింది. ఒకసారి తప్పింది. మళ్ళీ ఎక్కించింది. తల ఎత్తేసరికి ఇసక్కి గోడకు తగిలించిన చొక్కా తీసుకుని, చేతులు దూర్చకుండానే భుజాన వేసుకుని పోతున్నాడు. కుక్క అతని వెంట గేటు దాకా పోయి తిరిగొచ్చింది.

రెండు రోజులకు గోవిందరాజ్ కొత్త ప్లాస్టిక్ గుడ్డ చుట్ట ఒకటి రాజమ్మాళ్‌కిచ్చి విరుదునగర్ పంపాడు. "పాత రెక్కలు రెండూ కోసేసి ఇది కుట్టేసి రా. ఆయనకు మంచి మాట చెప్పు. చేసినవాణ్ణి పంపించేసినామని చెప్పు."

పాండియరాజన్ గోడౌను ముంగిలంతా మిరపకాయల ఘాటు. బస్సు దిగినప్పటి నుంచి రాజమ్మాళ్‌కు దగ్గు ఆగలేదు. బండి పక్కన తాటాకు పందిరి కింద పెట్టి ఉంది. ఆమె ముందు కుడి రెక్క లాగింది. మడత పడిన చోట గోరంత వెడల్పున పసుపుపచ్చ మరక. అంతే. మిగతాదంతా పూసిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. ఆమె ఆగి మళ్ళీ చూసింది. తర్వాత ఎడమ రెక్క లాగింది.

నల్లగా ఉంది. కానీ నలుపు గుడ్డంతా లేదు. ఒక విల్లు, దాని కింద ఇంకో విల్లు. చెయ్యి సాగినంత మేర పోయి, అక్కడ కుంచె తిప్పిన చోట చిక్కబడి, మళ్ళీ వెనక్కి వచ్చింది. పై మూలలో చెయ్యి అందక వదిలేసిన చోటు తెల్లగా అలాగే ఉంది. ఆమె కుంచె ఎక్కడెక్కడ నడిచిందో బూజు అక్కడక్కడే నడిచింది. ఆమె గోరుతో గీకి వాసన చూసింది. పులిసిన గంజి.

రెండు రెక్కలూ ఒకే వానలో తడిశాయి. ఒకే పొద్దున, ఒకే చేతులతో మడిచారు. ఒకే పందిరి కింద మూసి ఉన్నాయి. తడే కారణమైతే రెండూ నల్లబడాలి.

రాజమ్మాళ్ మంచం అంచు మీద కూర్చుంది. మగ్గం మీది గంజికి ఆయుష్షు తక్కువ. పడుగు చీర అవుతుంది, చీర నీళ్ళలో పడుతుంది, గంజి పోతుంది. అది వానాకాలం చూడదు. ఇక్కడ తాను ఆ గంజితో బూజుకు కూడు పెట్టి, పైన మైనంతో మూత పెట్టి, చీకట్లో దాచింది. పుట్టింట్లో ఏ తప్పూ కాని పని ఇక్కడ తప్పయింది. అంత చిన్న విషయం ఆమెకు తట్టలేదు.

"ఏమ్మా, కుట్టేస్తావా ఇయ్యాల్టికి?" పాండియరాజన్ మండీలోంచి వచ్చాడు. చేతిలో టీ గ్లాసు. ఆమెకిచ్చాడు. వాళ్ళదీ తెలుగిల్లే. మాట మాత్రం అరవం మీద ఎక్కువ ఒరుగుతుంది.

రాజమ్మాళ్ గ్లాసు పట్టుకుని లేచింది. "అయ్యా, ఇది ఇసక్కి తప్పు గాదు. నేను గంజి పట్టిస్తిని. ఆ గంజికి బూజు పట్టింది. చూడండి, ఆ పక్కది బాగుండాది."

ఆయన రెండు రెక్కలూ చూశాడు. తల ఊపాడు. "సరి. ఇసక్కి అంటే ఎవరు?"

"బండి తోలుకొచ్చినాడే. మీకు అప్పజెప్పి పోయినాడు."

"ఓ, మెడ కాలినాయన. ఆయనకేమి?"

"మీరు గట్టిగా అడిగినారని పనిలోంచి తీసేసినారు."

పాండియరాజన్ నొసలు ముడిచాడు. "నేనా? గుడ్డ కంపు కొడతా ఉండాది, మార్చి ఇయ్యండి అంటిని. ఎవురు చేసినారని నేను అడగనే లేదే. బూజు పట్టేదానికి మనిషి కావాల్నా? ఈ వానకు మా మిరపకాయలకే పడతా ఉండాది." ఆయన లోపలి నుంచి ఎవరో పిలిస్తే, "వస్తా ఉండా," అని, పోతూ పోతూ వెనక్కి తిరిగాడు. "ప్లాస్టిక్ అయినా ఫరవాలేదు. సంవత్సరం బాడుగ మాట అట్లే ఉండాదని గోవిందరాజ్‌తో చెప్పు."

రాజమ్మాళ్ టీ తాగలేదు. గ్లాసు చల్లారేదాకా పట్టుకునే ఉంది. తర్వాత దాన్ని గోడ మీద పెట్టి, ఫోను తీసి గోవిందరాజ్‌కు అంతా చెప్పింది. గంజి మాట, రెక్కల మాట, పాండియరాజన్ మాట.

"గంజియా?" అన్నాడు గోవిందరాజ్. "ఎవరితోనూ అనబాక. నవ్వుతారు."

"ఇసక్కి సంగతేందన్నా?"

"రమ్మను. నేనేమన్నా తరిమితినా? కోపంలో ఒక మాట అంటిని. అదే పట్టుకొని పోతే నేనేం చేసేది? రమ్మని చెప్పు పో."

ఆమె ఆ మధ్యాహ్నం దాకా తల ఎత్తకుండా కుట్టింది. ప్లాస్టిక్ గుడ్డకు దబ్బనం దిగుతుంటే కిర్రుమంది. దానికి గాలి ఆడదు, లోపల పడుకున్నవాళ్ళకు చెమట్లు పోస్తాయి. అయినా కుట్టింది. పని అయ్యాక కోవిల్‌పట్టి బస్సు వదిలేసి, శివకాశి మీదుగా తాయిల్పట్టి బస్సెక్కింది. దీపావళి దగ్గరికొచ్చింది. దారి పొడుగునా బాణసంచా లారీలు. వాటి టార్పాలిన్లలో ఏది తమ పట్టరైదో ఆమె కుట్టు చూసి గుర్తుపట్టేది. ఆ రోజు చూడలేదు.

ఇసక్కి ఇల్లు తాయిల్పట్టి పక్క ఊళ్ళో. వాకిట్లో అతని భార్య కాళియమ్మ వేపపుల్లలు విరుస్తోంది. రాజమ్మాళ్‌ను చూసి లేవలేదు. "రా అక్కా. మీ గుడ్డ ఆరిందా?"

రాజమ్మాళ్ నిలబడే ఉండిపోయింది.

"కూర్చో. ఆయన ఇప్పుడొచ్చే వ్యానులో వస్తాడు. పండగ పని గదా, మనిషి దొరికితే చాలు ఈడ్చుకుపోతా ఉండారు. కాలిన మెడ అయినా సరి, కాలని మెడ అయినా సరి." పుల్ల టక్కున విరిచింది. "మొదటి రోజు అన్నం తినలేదు. రెండో రోజు తినె."

పొద్దు వాలకముందే వ్యాను వచ్చింది. దిగినవాళ్ళందరి ముఖాలూ ఒకటే రంగు, బాణసంచా మందు పొడి పట్టిన వెండి రంగు. ఇసక్కిని ఆమె నడకను బట్టి పోల్చుకుంది. అతను తొట్టి దగ్గర చాలాసేపు చేతులు కడిగాడు. అయినా గోళ్ళ సందుల్లో ఆ మెరుపు పోలేదు.

"ఏందక్కా ఇంత దూరం? మీరు బాగుండారా?"

ఇన్నాళ్ళకు సరిగ్గా ఆమెను 'మీరు' అన్నాడు. పరాయిదాన్ని అన్నట్టు ఉంది ఆమెకు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. గంజి దగ్గరికొచ్చేసరికి అతను తల ఊపాడు.

"తెలుసక్కా. మడిచేటప్పుడే వాసన వచ్చింది."

"తెలిసి ఏల చెప్పకపోతివి?"

"చెప్తే ఏమంటారు? ఆడదాని మీద తోసినాడు చూడు అంటారు. నువ్వు... మీరు కూడా అట్లే అనుకొని ఉంటారు." అతను నవ్వబోయాడు. "అంతా ఒకే మడతే గదా అక్కా. గంజి మీది, తడి ఆయనది, మడిచిన చెయ్యి నాది. చివరికి చెయ్యే గదా కనిపించేది."

"ఆయన రమ్మంటా ఉండాడు. పాండియరాజన్ నీ మీద ఒక్క మాట అనలేదు. ఎవరూ అనలేదు ఇసక్కీ. రేపే వచ్చెయ్యి."

కాళియమ్మ చేతిలో పుల్ల విరగలేదు. ఆమె కూడా వింటోంది.

ఇసక్కి అరుగు అంచున కూర్చుని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "మొదటి రోజు ఆ షెడ్డు గడప దాటేదానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలుసా అక్కా? ఫోర్‌మాన్ తిట్టె, వెనక ఆడోళ్ళు నవ్విరి. కాళ్ళు రాలేదు. ఒకామె చెయ్యి పట్టుకుని లోపలికి లాగె. ఇప్పుడు చిచ్చుబుడ్లలో మందు కూరతా ఉండా. చెయ్యి వణకడం లేదు. బయం పోయింది." గోళ్ళ మెరుపు లుంగీకి రుద్దాడు. "నేను అక్కడికి వస్తిని అనుకో. మళ్ళీ వాన వస్తాది. మళ్ళీ ఏదో తడుస్తాది. మళ్ళీ నన్ను పో అంటారు. అప్పుడు మళ్ళీ ఈ గడప దాటాల. ఇంకోసారి నా చేత కాదక్కా."

"నేను మాట్లాడతా ఈసారి. నిజంగా మాట్లాడతా."

"మాట్లాడతావులే," అన్నాడు, ఆమె మనసు నొవ్వకుండా. "కానీ ఇక్కడ ఒక మేలు ఉండాది. తప్పు ఎవరిదని అడిగేవాళ్ళు లేరు. అంటుకుంటే అందరి ప్రాణమూ కలిపి పోతాది."

కాళియమ్మ లేచి లోపలికి పోయింది. పొయ్యి మీద ఏదో పెట్టిన చప్పుడు వచ్చింది. తిరిగి బయటికి రాలేదు.

ఇసక్కి ఆమెను బస్సు దాకా సాగనంపాడు. బస్సు ఎక్కాక రాజమ్మాళ్ కిటికీలోంచి చూసింది. అప్పుడే ఇంకో ఫ్యాక్టరీ వ్యాను వచ్చి ఆగింది. ఇసక్కి పక్కకు తప్పుకోలేదు. దిగినవాళ్ళలో ఒకాయన ఏదో అంటే తిరిగి ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. రాజమ్మాళ్ అతనికి కనిపించకుండా కిటికీ నుంచి తల వెనక్కి తీసుకుంది.

ఇప్పుడు ఆ బండి విరుదునగర్‌లోనే ఉంది. దానికి ఇంకో డ్రైవరు. ప్లాస్టిక్ రెక్కలకు బూజు పట్టదు, వాటిని తడిగా మడిచినా ఎవరూ ఏమీ అనరు. రాజమ్మాళ్ పట్టరైలో ఇంకా కుడుతూనే ఉంది. గోవిందరాజ్ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, ఆమె ఎత్తితే వినడమూ లేదు.

ఇది చదివినవాళ్ళను ఒకటే అడుగుతున్నాను. ఈ దీపావళికి మీ వాకిట్లో చిచ్చుబుడ్డి వెలిగించి పిల్లలను వెనక్కి జరగమనేటప్పుడు, దాన్ని నింపిన చేతులు ఎవరివో మనలో ఎవరికీ తెలియదు. ఒక పేరు మాత్రం చెబుతాను, ఒక్కసారి తలుచుకోండి. ఇసక్కి. ఆ గుడ్డ తడిగా ఉందని అతను ముందే చెప్పాడు.